సెంట్రింగ్ ఇప్పేనాటి దావత్

"ఒక్కడు తాగితే ఒక్కని పనే ఆగుతది అనుకుంటున్నవా తమ్మీ? స్లాబు కాడ అట్లుండది. మిల్లర్ల కంకర పోసెటోడు ఒరిగిండనుకో, మీదికి తట్టలందించే వరుసంత ఆగుతది. కలిపిన మాలు గట్టివడ్తది. మిల్లర్ కిరాయి మాత్రం ఆగది."

రాజమణి తన వాకిట్లో నాతో మాట్లాడుతూనే ఇనుప తట్టల అంచులకు పట్టిన పాత సిమెంటును సుత్తితో రాలగొడుతోంది. రేపు పొద్దున నెల్లికుదురులోనే, లక్ష్మీకాంత్ కడుతున్న ఇంటికి స్లాబు పోయాలి. భర్త పరశురాములు కాంక్రీటు కలిపే మిల్లర్ నడుపుతాడు. కూలీల ముఠాను నడిపేది మాత్రం రాజమణే.

మా దిక్కున స్లాబు పోసిన రోజు ఇంటివాళ్లు కూలీలకు దావత్ ఇస్తారు. కోడికూర, మందు లేకపోతే ఇంటాయనకు నామోషీ. సాయంత్రం ఇవ్వాల్సింది కొందరు సంబరం ఆపుకోలేక మధ్యాహ్నమే మూతలు తీస్తారు. పెద్దవంగరలో ఒకసారి అదే జరిగింది. సగం పోసి అన్నానికి దిగిన మగవాళ్లు మళ్లీ నిచ్చెన ఎక్కలేదు. ఆడవాళ్లు ఖాళీ తట్టలు ముందేసుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నారు. మిగతా సగం మర్నాడు పోశారు. వానలు పడగానే ఆ రెండు సగాలు కలిసిన చోట ఉరవడం మొదలైంది. ముఠా అంతా వేరే పని వదులుకుని పోయి, కూలి లేకుండా బాగుచేసి వచ్చింది.

"తాగినోళ్లకు తలకాయనొప్పి తెల్లారెదాక. మాకు ఆ ఊర్లె మల్ల పని దొరికెదాక," అంది.

అయినా ఆమె దావత్ వద్దనలేదు. రోజు మార్చింది. స్లాబు గట్టిపడి, కింద ఆసరాగా పెట్టిన సెంట్రింగ్ చెక్కలు ఇప్పేనాడే దావత్. ఆ రోజుకు ఎవరూ పైకెక్కే పని ఉండదు.

"అప్పటిదాంక దూప ఆగుతదా అత్తా?" అన్నాడట ఉపేందర్, ముఠాలో కంకర పోసేవాడు.

"దూపైతే డ్రమ్ముల నీళ్లున్నయి. కడుపునిండ తాగుపో!"

గొణిగినవాళ్లు మెల్లగా అలవాటుపడ్డారు. ఇప్పుడు పొద్దుండగానే స్లాబు అయిపోతుంది, మర్నాడు అందరూ పనికి లేస్తారు. బయ్యారం నుంచి కూడా పిలుపులొస్తున్నాయి. ఇదివరకు అలసిపోయి దావత్ ముట్టకుండానే ఇంటికి పోయే ఆడవాళ్లు, ఇప్పుడు తీరిగ్గా కూర్చుని తింటున్నారు.

"మొన్న మెడకాయ ముక్క కోసం తట్టలు మోసే లతక్క నాతోటి కొట్లాడింది," అన్నాడు పరశురాములు, మిల్లర్‌కు గ్రీజు పెడుతూ.

"నువ్వు దాసిపెట్టుకుంటివి మరి!" అంది రాజమణి. ఇద్దరూ నవ్వారు.

నవ్వు ఆగాక ఆమె సుత్తి పక్కన పెట్టింది. లక్ష్మీకాంత్ మానుకోట నుంచి మందు డబ్బా తెప్పించాడట. రేపు మధ్యాహ్నమే ఇస్తాడట. వద్దంటే, "నా ఇంటికాడ ఎండు దావతా? ఊరంత ఏమనుకుంటది?" అని మొహం ముడుచుకున్నాడట.

"రేపు ఆయన మూత తీసిండంటే, ఎల్లుండి ఇంకొకాయన తీస్తడు. ఆయనింటికి లేని కట్టుబాటు మాకెందుకంటరు. మావోళ్లు కూడ, పోనియ్యక్క, ఈ ఒక్కపారికి అంటరు. గింత కష్టపడి మలుపుకున్నది మల్ల మొదటికొస్తది."

నేను లేచాను. ఆమె కూడా కొంగుకు చేతులు తుడుచుకుంటూ లేచి గేటు దాకా వచ్చింది.

"నువ్వు లక్ష్మీకాంత్ తోటి సదువుకున్నోనివి గద తమ్మీ. నేను మల్ల చెప్తే, కూలికొచ్చినామె నాకు బుద్ధి చెప్పుడేందంటడు. పోంగ పోంగ జర ఆడ ఆగి చాయ్ తాగు. సెంట్రింగ్ ఇప్పేనాడు నలుగురిని పిలిచి దర్జాగ ఇయ్యమను, ఆయన పరువు ఏడికి పోదు. రేపటికైతే ఓ బిందెడు మజ్జిగ సాలు. ఉప్పు జర ఎక్కువెయ్యమను, ఎండకు ఆగాలె. నేను చెప్పిన అనకు, నీ మాటగనే చెప్పు. ఇగ పో, ఆయన బయటికెల్లకముందే!"