బానెట్ మీద డబ్బా

మా డిపోలో నన్ను సైరన్ అంటారు. అననివ్వండి. నోరు పెట్టుకుని బతకడం నాకు చేతనవును, నోరు కుట్టేసుకుని బతకడం చేతకాదు. కానీ ఈ సంగతిలో మాత్రం ఎంత అరిచినా నా కడుపుమంట చల్లారలేదు. అందుకే ఈసారి అరవకుండా మొదటి నుంచి చెబుతున్నాను.

నేను సిటీ బస్సులో కండక్టర్ని. ఆ బస్సు నడిపేది మా వదిన, మా అన్నయ్య భార్య. డ్యూటీలు వేసే గుమాస్తాని బతిమాలి ఇద్దరం ఒకే బస్సు మీదికి వచ్చాం. వదిన చేరేనాటికి మా డిపోలో ఆడ డ్రైవర్ అన్నమాటే లేదు. ట్రైనింగ్ ఇచ్చిన మహానుభావుడు మొదటిరోజే "వంటింట్లో గరిట తిప్పినట్టు కాదమ్మా ఇది" అన్నాడట. వదిన తిన్నగా సీటెక్కింది. బస్సుని వెనక్కి తీసి, ఆగి ఉన్న రెండు బస్సుల మధ్య మనిషి ఒత్తుకుని దిగేంత సందు మిగిల్చి నిలబెట్టి, తాళం ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయిందట. ఆ సీటంటే ఆమెకి ప్రాణం. ఇంట్లో నడుం వంగిపోయి కనిపించే మనిషి, స్టీరింగ్ ముందు కూర్చుంటే నిటారుగా ఉంటుంది.

ఆ సీటుకి ఎసరు వచ్చింది తిండి వల్లే. చీకటితో లేచి డ్యూటీకి పరిగెత్తేవాళ్ళం, వండుకునే తీరిక ఎక్కడిది? ఏ స్టాపులో ఏది దొరికితే అది. నూనెలో వేగినవి, పొట్లం కట్టినవి, వాటి మీద పంచదార దండిగా వేసిన టీ. అలా ఏళ్ళు గడిచాక వదినకి షుగర్ పట్టుకుంది. ఏడాదికోసారి డ్రైవర్లకి జరిగే పరీక్షలో డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి చెప్పింది. "ఈసారికి సంతకం పెడుతున్నాను. వచ్చే ఏడాదికి తగ్గకపోతే మాత్రం మీరు బస్సెక్కడం కుదరదు. యార్డులో వేస్తారు."

యార్డు డ్యూటీ అంటే ఈల ఊదుతూ బస్సుల్ని వరసలో పెట్టించడం, కడిగించడం. వదిన ఇంటికి వచ్చి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అటక మీద నుంచి మూడంతస్తుల పాత స్టీలు డబ్బా దింపి, చింతపండు పెట్టి తోమింది.

ఇక ఆ రోజు నుంచి మా ఇల్లు ఇంకో డిపో అయింది. ఎవరి డ్యూటీ వాళ్ళకి పడింది. సాయంత్రం ఆఖరి స్టాపు దగ్గర ఆకుకూరలమ్మే ముసలమ్మ బుట్ట సర్దుకునే వేళకి మేం చేరేవాళ్ళం. వాడిపోతాయన్న భయంతో ఆవిడ మిగిలిన కట్టలు వచ్చిన ధరకి ఇచ్చేసేది. బస్సు తిరిగి బయలుదేరేలోపు వెనక సీటులో కూర్చుని ఆ ఆకు గిల్లేయడం నా పని. ప్రయాణికురాళ్ళు కొందరు ముందే ఎక్కి, ఊరికే కూర్చోలేక, వాళ్ళూ ఒక కట్ట అందుకునేవాళ్ళు. కూరలు తరగడం అన్నయ్య వంతు. ఆయన తరిగితే ఒక ముక్క బొటనవేలంత, ఇంకో ముక్క గోరంత. "అన్నీ కడుపులోకే కదా పోయేది" అనేవాడు. పప్పు రాత్రే నానబెట్టడం, పొద్దున్నే వండి డబ్బాలో సర్దడం వదిన పని. నూనె చెంచాతో కొలిచి వేసేది. అన్నం తక్కువ, కూర ఎక్కువ.

పొద్దున వండింది మధ్యాహ్నానికి చల్లారిపోతుంది కదా. దానికీ ఒక ఉపాయం ఉంది, అది మా డ్రైవర్లకే తెలుసు. మా పాత బస్సుల్లో ఇంజను డ్రైవర్ పక్కనే ఉంటుంది. దాని మీది మూతని బానెట్ అంటాం. మధ్యాహ్నానికి అది కాలిపోతూ ఉంటుంది. డబ్బాని తువ్వాలులో చుట్టి, దొర్లిపోకుండా రాడ్‌కి కట్టి దాని మీద పెడితే, భోజనం వేళకి మూత తీసేసరికి కూర మీద ఆవిరి. ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు వాసనబట్టి "ఇవాళ బీరకాయా" అని అడిగేవాళ్ళు. కాదంటే నొచ్చుకునేవాళ్ళు కూడా.

నెలలు తిరిగేసరికి వదిన మొహంలో కళ వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం లేదు. నా జాకెట్లు కూడా నాకు వదులయ్యాయి. డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర ఒకటి మధ్యాహ్నం భోజనానికి కాస్త ముందు వేసుకోవాలి. వేసుకున్నాక వెంటనే తినకపోతే షుగర్ మరీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. వదిన దానికీ ఒక గుర్తు పెట్టుకుంది. ఆఖరి స్టాపుకి ముందు నీళ్ళ ట్యాంకు మలుపు వస్తుంది. మలుపు తిరగ్గానే సిగ్నల్ దగ్గర మాత్ర వేసుకుంటే, బస్సు ఆపి చేతులు కడుక్కునే వేళకి సరిగ్గా సరిపోతుంది.

ఇంత చక్కగా సాగుతుంటే పెద్దలకి కన్ను కుట్టదూ.

ఒకరోజు విశ్రాంతి గదిలో ఆరోగ్య సదస్సు పెట్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న నిపుణుడొకాయన వచ్చి, సిబ్బంది వేళకి తినాలి, ఇంటి భోజనమే తినాలి, నెమ్మదిగా నమిలి తినాలి అని చెప్పాడు. మేనేజర్ వదిన డబ్బా తెప్పించి అందరికీ చూపించాడు. "చూడండి, ఈవిడని చూసి నేర్చుకోండి" అని ఆమె చేతికి డబ్బా ఇచ్చి ఫోటో తీయించాడు. దాన్ని పెద్దది చేయించి, డ్యూటీ బోర్డు పక్కన అంటించారు. కింద 'వేళకు ఇంటి భోజనం' అని పెద్దక్షరాలు.

ఆ వారంలోనే బస్సులు చాలడం లేదని చెప్పి కొత్త షెడ్యూలు వేశారు. ఒక ట్రిప్పు పెంచారు. ఎక్కడ పెంచారంటారా? సరిగ్గా మా భోజనం వేళలో. నా ఒళ్ళు మండిపోయింది. తిన్నగా మేనేజర్ గదిలోకి వెళ్ళాను.

"ఆ ఫోటో అయినా చింపేయండి, లేకపోతే మా అన్నం వేళ మాకివ్వండి సార్" అన్నాను.

"టైమ్ మనమే చేసుకోవాలమ్మా. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య నాలుగు ముద్దలు తింటే సరిపోదా" అన్నాడు. ఆయన బల్ల మీద ఆయన ఇంటి నుంచి వచ్చిన క్యారియరు గిన్నెలు వరసగా పరిచి ఉన్నాయి.

"మీరు తినండి సార్ అలా. మీ ఫోటో కూడా అంటిద్దాం" అన్నాను. వదిన నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"నువ్వు నోరు పారేసుకుంటే నాకు ట్రిప్పు తగ్గుతుందా పిల్లా? పరీక్ష అయ్యేదాకా ఎలాగో నెట్టుకొద్దాం" అంది.

అలాగే నెట్టుకొచ్చాం. ఆఖరి స్టాపులో బస్సుల్ని వేళకి పంపించే కంట్రోలర్‌ని మేం బాబాయి అంటాం. మనిషి మంచివాడే. ఒక్కోరోజు పైవాళ్ళ కన్నుగప్పి "తొందరగా తినేసి రండమ్మా" అని వదిలేవాడు. ఒక్కోరోజు ఆయన చేతిలో ఉండేది కాదు. ఏ రోజు ఏదో దిగేదాకా తెలిసేది కాదు.

పరీక్ష దగ్గర పడుతున్న రోజుల్లో, మంచి ఎండవేళ, వదిన మామూలుగానే ట్యాంకు మలుపు తిరిగింది. సిగ్నల్ పడింది. చెయ్యి అలవాటుకొద్దీ జేబులోకి వెళ్ళింది, మాత్ర వేసుకుంది, నీళ్ళు తాగింది. సిగ్నల్ దాటి చూస్తే బాబాయి రోడ్డు మధ్యలో నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు.

"ఆగొద్దమ్మా, ఇలాగే తిప్పేయండి. వెనక బండి పాడైంది. జనం కొట్టేసేలా ఉన్నారు."

"మాత్ర వేసుకున్నాను బాబాయ్" అంది వదిన.

ఆ మాట ఆయనకి వినపడలేదు. అప్పటికే జనం రెండు తలుపుల్లోంచీ తోసుకుని ఎక్కేశారు. నేను వెనక తలుపు దగ్గర ఇరుక్కుపోయాను, నాకు ఏదీ తెలియలేదు.

సగం దారిలో బస్సు మెల్లగా పక్కకి జరిగి ఆగింది. స్టాపు లేదు, సిగ్నల్ లేదు. జనం అరుపులు మొదలుపెట్టారు. నేను తోసుకుంటూ ముందుకి వెళ్ళేసరికి వదిన హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజను ఆపి, తాళం తీసి గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. చొక్కా తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. బానెట్ మీద డబ్బా కట్టిన ముడి విప్పాలని చూస్తోంది, వేళ్ళకి పట్టు దొరకడం లేదు.

"ఎవరి దగ్గరైనా తీపి ఉంటే ఇవ్వండి" అని అరిచాను. సైరన్ అన్నందుకు ఆరోజు ఆ గొంతే పనికొచ్చింది. ఒక తల్లి తన కూతురు తాగుతున్న పళ్ళరసం లాక్కుని నా చేతిలో పెట్టింది. అది తాగించి, ముడి విప్పి, అన్నం నేనే కలిపి వదిన నోట్లో పెట్టాను.

వెనక నుంచి ఒక పెద్దమనిషి ఫోను ఎత్తి పట్టుకుని, "మేం ఆఫీసులకి పోవాలా, నీ విందు చూడాలా" అన్నాడు.

"చూడు బాబూ, బాగా చూడు" అన్నాను. "ఈ మనిషి బండి ఆపకపోతే నువ్వు ఆఫీసుకి కాదు, ఆసుపత్రికి పోయేవాడివి."

ఆయన ఫోను దించలేదు. సాయంత్రానికి ఆ వీడియో ఊరంతా చూసింది. నిండు బస్సు ఆపి తీరిగ్గా అన్నం తింటున్న డ్రైవర్. పళ్ళరసం ముక్క, వణుకుతున్న చేతుల ముక్క అందులో లేవు.

మర్నాడు సంజాయిషీ అడిగారు. మా సంఘం నాయకుడు వచ్చి వదినని పక్కకి పిలిచాడు. "బ్రేకు పట్టేసిందని రాసెయ్యమ్మా. పాత బండే కదా, అందరూ నమ్ముతారు. షుగర్ ఊసెత్తావో, సీటు పోతుంది" అన్నాడు. నేనూ అదే అన్నాను. కాళ్ళావేళ్ళా పడ్డాను. రాత్రంతా అన్నయ్య కూడా నచ్చజెప్పాడు.

వదిన వినలేదు. "బ్రేకు మీదికి తోస్తే మెకానిక్ మెడకి చుట్టుకుంటుంది. అయినా బ్రేకంటే బ్రేకు బాగుచేస్తారు. అన్నం వేళ ఎవరు బాగుచేస్తారు? రేపు ఇంకొకళ్ళకి ఇలాగే అయితే, వాళ్ళు బండి పక్కకి తీయలేకపోతే?" అంది. జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చింది. మాత్ర సంగతి, ట్రిప్పు సంగతి, చేతులు వణికిన సంగతి, అన్నీ.

తర్వాత వారం పరీక్ష. డాక్టరమ్మ రిపోర్టు చూసి మొహం చేటంత చేసుకుంది. "ఇంత బాగా ఎలా తగ్గించారు? ఏం తింటున్నారో అలాగే తినండి" అని సంతకం పెట్టింది. ఆ కాగితం పట్టుకుని ఇద్దరం డిపోకి వచ్చేసరికి డ్యూటీ బోర్డు మీద వదిన పేరు డ్రైవర్ల వరసలో లేదు. యార్డు వరసలో ఉంది.

"రిపోర్టు బాగుందిగా సార్" అన్నాను మేనేజర్‌తో.

"బాగుందమ్మా. కానీ డ్రైవింగ్‌లో చేతులు వణికాయని ఆవిడే రాసిచ్చింది. నేనెలా ఎక్కించను?" అన్నాడు. అన్నం వేళ ఎవరు మింగేశారో అడిగాను. ఆవిడ రాసిచ్చిన కాగితమే మళ్ళీ చూపించాడు. ఆ నోటికి తాళం వేసే మాట నాకు ఇంకా దొరకలేదు. వెతుకుతూనే ఉన్నాను.

ఇంకో సంగతి వినండి. ఆ నెలాఖరుకే కొత్త షెడ్యూలు మెల్లగా తీసేశారు. పెంచిన ట్రిప్పు పోయింది. భద్రతా కారణాల వల్ల అని రాశారు, వదిన ఊసే లేదు. ఇప్పుడు డిపో డ్రైవర్లందరూ మధ్యాహ్నం కాళ్ళు చాపుకుని వేళకి తింటున్నారు. ఆ వీడియో చూసి వదినని ఎగతాళి చేసినవాళ్ళతో సహా. బోర్డు పక్కన ఫోటో ఇంకా అలాగే ఉంది. రోజూ డ్యూటీ చూసుకోవడానికి వెళ్తే వదిన డబ్బా పట్టుకుని నవ్వుతూ కనిపిస్తుంది.

యార్డులో భోజనానికి గంట ఇస్తారు. కానీ అక్కడ ఆగిన బస్సుల బానెట్లు చల్లగా ఉంటాయి, వేడి చేసుకునే దిక్కు లేదు. అందుకని వదిన డబ్బా ఇప్పటికీ మా బస్సులోనే తిరుగుతుంది. కొత్త డ్రైవర్ కుర్రవాడు నోరెత్తకుండా రాడ్‌కి కట్టుకుంటాడు. మధ్యాహ్నం ట్రిప్పు డిపో మీదుగా వస్తుంది, గేటు ముందు మలుపులో ఆ కుర్రవాడి చేతిలో గేరు గరగరమంటుంది. గేటు దగ్గర దిగి ఆ డబ్బా వదినకి అందిస్తాను.

నిన్న ఇచ్చినప్పుడు తువ్వాలు విప్పింది. ఆవిరి వచ్చింది. మెళ్ళో ఈల వేలాడుతోంది, చీర అంచు తడిసి ఉంది. తినకుండా గేటులోంచి బయట ఆగి ఉన్న మా బస్సు వంకే చూస్తోంది.

"తిను వదినా, చల్లారిపోతుంది" అన్నాను.

"ఆ అబ్బాయికి చెప్పు పిల్లా" అంది. "మలుపులో మూడో గేరు అలా గుంజకూడదు. మెల్లగా నొక్కితే అదే పడుతుంది."