మోటారు తీసిన చోట

ఒల్మేదో అర్బెలాయెస్ తన బొమ్మ జీపులో మోటారుని ముందుకి మార్చేశాడన్న కబురు కాఫీ కొండల్లోని కలార్కా ఊరి బజారులో పొద్దున్నే పాకింది. మధ్యాహ్నానికల్లా ముసలాడికి మతి పోయిందన్న మాట కూడా దానికి తోడైంది. ఆ ఊరివాళ్ళంతే. చేతులు కాఫీ గింజలు ఏరుతున్నా నోళ్ళని మాత్రం ఖాళీగా ఉంచరు.

జీపంటే వాళ్ళకి ప్రాణం. కొండమీది తోటల నుంచి కాఫీ బస్తాలూ, అరటిగెలలూ, పెళ్ళివారూ, శవపేటికలూ అన్నీ దిగేది పాత విల్లీస్ జీపుల్లోనే. పండగకి వాటి వెనక ఇంటి సామానంతా గుట్టగా కట్టి ఊరేగిస్తారు. మంచం, పరుపు, బానలు, కోళ్ళ గంప, గోడమీది యేసు పటం, ఏదీ మిగల్చరు. ఆ బరువుకి ముందు చక్రాలు గాల్లోకి లేవాలి. జీపు వెనక చక్రాల మీద నిలబడి చౌకు మధ్యలో గిరగిరా తిరుగుతుంటే డ్రైవరు కిందికి దూకి, టోపీ తీసి జనానికి దండం పెట్టాలి. లేవని జీపుని అక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఒల్మేదో జీపు ఏనాడూ లేవకుండా ఉండలేదు. పొట్టి మనిషి, మాట తక్కువ, పంతం ఎక్కువ. దండలు అతని మెడలోనే పడేవి గానీ, నిజం చెప్పుకోవాలంటే ఆ ఘనత అతని భార్య మెల్వాది. సామాను కట్టేది ఆవిడ. ఏ బాన ఎక్కడ వేలాడాలో, మంచం ఎంత వాలాలో ఆవిడ చేతులకే తెలుసు. కట్టాక తనే ఆ గుట్ట కొసన ఎక్కి కూర్చుని, సమయం చూసి వెనక్కి వాలేది. జీపు లేచేది.

పండగ రోజు ఒక్కటే కాదు, ఏడాది పొడుగునా మెల్వా చోటు వెనకే. ముందు సీటు బేరానిది. తోట యజమానో, పంతులమ్మో, ఫాదరుగారో, నిండు చూలాలో ఎవరో ఒకరు ఉండనే ఉండేవారు. మెల్వా వెనక మెట్టుమీద నిలబడి, కమ్మీ పట్టుకుని, వానలో తడుస్తూ వచ్చేది.

"ఏమయ్యా, ఒక్కసారి నన్నూ ముందు కూర్చోబెట్టుకోవచ్చుగా? ఈ దారి ఎలా ఉంటుందో నాకింతవరకూ తెలీదు. నాకు కనపడేవి బస్తాలే," అనేది నవ్వుతూ.

"నువ్వు దొరసానివా ఏంటే ముందు కూర్చోడానికి?" అనేవాడు ఇతను. అదేదో పెద్ద హాస్యమైనట్టు ఇద్దరూ నవ్వుకునేవారు. రేపెప్పుడో కూర్చోబెడదాం, ఎక్కడికి పోతుంది అనుకున్నాడు. మగవాళ్ళకి భార్యల విషయంలో ఉండే ధీమా అది. చూస్తే ఒళ్ళు మండుతుంది.

చివరికి ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. కడుపులో నొప్పి భరించలేక మెలికలు తిరుగుతుంటే ఆ రోజు బేరాలు ఎక్కించుకోకుండా దగ్గర్లోని అర్మేనియా పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా ఆవిడ తలుపుకి తల ఆనించి కళ్ళు మూసుకునే ఉంది. ఒక్క మలుపు కూడా చూడలేదు. డాక్టర్లు పొట్ట కోశారు, కుట్టారు, మళ్ళీ కోశారు. ఆవిడ ఇంటికి రాలేదు. నెల తిరక్కుండా ఒల్మేదో జీపు అమ్మేశాడు. ఆ ముందు సీటు పక్కన కూర్చుని నడపడం ఇక అతనివల్ల కాలేదు.

బొమ్మ జీపు తెచ్చి ఒళ్ళో పెట్టింది మరదలు ఓఫీర్. చేతిలో రిమోటు పట్టుకుని నడిపే రకం. ఊళ్ళో రేడియోలు బాగుచేసే హిల్దార్దో, అతని స్నేహితులూ అలాంటివాటితో పండగలో ఓ చిన్న ఊరేగింపు చేస్తున్నారు. పెద్ద జీపులకున్న ఆచారాలన్నీ వాటికీ ఉన్నాయి. సామాను కట్టాలి, అది రెండు కిలోలు దాటకూడదు, చౌకులో లేచి తిరగాలి.

"ఇలా గోడ చూస్తూ కూర్చుంటే మా అక్క తిరిగొస్తుందా బావా? చేతులకి ఏదో ఒక పని చెప్పు," అంది ఓఫీర్. మెల్వా పాత గౌను అంచు కత్తిరించి, గౌను కట్టిన ఓ చెక్కబొమ్మని కూడా చేసిచ్చింది. టోపీ పెట్టిన మగబొమ్మ ఇంకోటి.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ రకం జీపుల్లో మోటారూ గేర్‌బాక్సూ అడుగు చట్రం నడుమ బిగించి ఉంటాయి, సరిగ్గా డ్రైవరు పక్క సీటు ఉండాల్సిన చోట. లోపల నిండు మనిషి పట్టడు. అందుకని అందరూ బొమ్మల్ని నడుం దాకా కోసి పైన అతికిస్తారు.

"కోసెయ్ అన్నా, బయటికి ఎవరికీ కనపడదు," అన్నాడు హిల్దార్దో రంపం అందిస్తూ.

"డాక్టర్లు కోసింది చాల్లే," అన్నాడు ఒల్మేదో.

హిల్దార్దో ఆ రంపాన్ని మళ్ళీ పెట్టెలో పడేశాడు.

మోటారునే తియ్యాలి. పాత సత్తుగిన్నె అడుగు కోసి పలక చేశాడు. బెజ్జాలు వేసి, మోటారునీ గేర్‌బాక్సునీ తీసుకెళ్ళి బానెట్ కింద ఆ పలకమీద బిగించాడు. ముందు చక్రాల్ని తిప్పే షాఫ్ట్ పొడుగైపోయింది, కోశాడు. వెనక చక్రాల షాఫ్ట్ అందలేదు, ఇంకో ముక్క అతికి సాగదీశాడు. షాఫ్ట్ మరీ ఏటవాలుగా దిగి కటకటలాడి, కీలు విరిగింది. గేర్‌బాక్సుని కాస్త వెనక్కి వంచి మళ్ళీ బిగించాడు. తీరా నడిపితే, ముందుకి నొక్కితే వెనక్కి పోయింది. మోటారుని అటుదిటు తిప్పి పెట్టాడు మరి. తీగలు మార్చి కలిపాక దారికొచ్చింది. బ్యాటరీని తీసి వెనక సామాను కిందికి తోశాడు. ఇంతా చేశాక లోపల శుభ్రమైన ఖాళీ చోటు మిగిలింది. అందులో రెండు సీట్లు పెట్టి, ఒకదాంట్లో టోపీబొమ్మనీ, పక్కన మెల్వానీ కాళ్ళతో సహా కూర్చోబెట్టాడు. చాలా రోజుల తర్వాత ఆ పూట అన్నం కడుపునిండా తిన్నాడు.

మర్నాడు సామాను కట్టి చూశాడు. మంచం, బానలు, కోళ్ళ గంప, అన్నీ మెల్వా కట్టినట్టే కట్టాననుకున్నాడు. ఎంత గట్టిగా నొక్కినా ముందు చక్రాలు నేలని వదల్లేదు.

"ఎలా లేస్తుందన్నా? బరువంతా తీసుకెళ్ళి దాని ముక్కుమీద పెట్టావు. మోటారుని మళ్ళీ నడుమకి తెచ్చెయ్. ఆ సీట్లు పీకెయ్," అన్నాడు హిల్దార్దో.

"ఇంకాస్త బరువు కడితే?"

"రెండు కిలోలూ కట్టేశావు. ఆచారం అందరికీ ఒకటే. నీ జీపు లేవకపోతే ఊరు ఏమంటుందో ఆలోచించుకో. పండగ ఎల్లుండే."

ఒల్మేదో ఆలోచించాడు. లేవడమంటే మెల్వా చేతి పనితనం. లేవకుండా ఊరేగితే ఆవిడ పరువు తీసినట్టే. ఇంటికొచ్చి మరలు విప్పాడు, సీట్లు తీశాడు. మెల్వా బొమ్మ చేతిలో మిగిలింది. దాన్ని బల్లమీద పెట్టబోయాడు, మనసొప్పలేదు. కిటికీలో పెట్టాడు, అక్కడా ఉంచలేకపోయాడు. చొక్కా జేబులో వేసుకుని కాసేపు ఇల్లంతా తిరిగాడు. మళ్ళీ నువ్వు వెనక్కి పోవే అని చెప్పడానికి నోరెలా వస్తుంది? ఏడుస్తూనే సీట్లు తిరిగి బిగించాడు. మోటారు బానెట్ కిందే ఉండిపోయింది.

పండగ రోజు చౌకు కిక్కిరిసిపోయింది. చిన్న జీపులు ఒక్కొక్కటే వచ్చి, లేచి, బొంగరాల్లా తిరిగాయి. జనం ఈలలు వేశారు. ఒల్మేదో వంతు వచ్చింది. రిమోటు పట్టుకుని జీపు వెనకాలే నడిచాడు. జీపు నాలుగు చక్రాల మీద నెమ్మదిగా చౌకు నడుమకొచ్చింది.

"లేపు తాతా, లేపు!" అని అరిచారు.

అతను లేపలేదు. జీపు తిన్నగా పోతోంది.

"ఏంటి ఒల్మేదో తాతా, పెట్రోలు పోయించడం మర్చిపోయావా?" అన్నాడు మైకు పట్టుకున్నవాడు. జనం గొల్లుమన్నారు.

"మా ఆవిడ కూర్చుందయ్యా. లేపితే ఆకాశమే కనపడుతుంది, దారి కనపడదు," అన్నాడు ఒల్మేదో.

మెల్వాని ఎరగనివాళ్ళు ఆ ఊళ్ళో తక్కువ. ముందు వరసలోని నవ్వులు ఆగిపోయాయి. ఎవరో ఓ ముసలాయన టోపీ తీశాడు. మైకువాడు తర్వాతి పేరు పిలిచాడు. జీపు చౌకు దాటి, చర్చి పక్కగా, లోయలోకి దిగే దారిదాకా పోయింది. అక్కడ బ్యాటరీ అయిపోయి ఆగింది. కిందంతా కాఫీ తోటలు, మలుపులు తిరుగుతూ అర్మేనియా దారి.

ఓఫీర్ పరుగెత్తుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

"కూర్చోబెట్టావు కదా బావా. దారంతా చూపించావు కదా. అక్క మొహం ఎలా ఉంది?"

ఒల్మేదో చేతిలోంచి రిమోటు జారి రోడ్డుమీద పడింది.

"తెలీదే ఓఫీర్," అన్నాడు. "నేను వెనకాల నడిచాను కదా. నాకు సామానే కనపడింది."

అతను రోడ్డుమీద కూలబడి, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు.