ఏనుగు నడుంలో బెజ్జం

వన్ టౌన్‌లో గొడుగులు బాగుచేసే జమీర్‌కి పాత ప్లాస్టిక్ బొమ్మలంటే పిచ్చి. కంచరపాలెం పాత సామాన్ల కొట్లలో ఏరి తెచ్చిన సైనికులు, గుర్రాలు, పులులు దుకాణంలో అద్దాల బీరువా నిండా ఉంటాయి. ఎవరైనా ముట్టుకుంటే మాత్రం ఊరుకోడు. బొమ్మ మీద చిన్న గీత పడినా రోజంతా ముఖం ముడుచుకుని కూర్చుంటాడు.

అందులో ఒక ఎర్ర ఏనుగు మాత్రం అతనికి అంతుచిక్కలేదు. దాని నడుంలో ఈ పక్కనుంచి ఆ పక్కకి ఎవరో బెజ్జం కాల్చారు. తాడు కట్టి లాగే బొమ్మ అనుకుందామంటే చక్రాలు లేవు. దాని పక్కనే అదే అచ్చులో పోసిన పచ్చ ఏనుగుంది, దానికి ఏ బెజ్జమూ లేదు. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకీ రెండూ చూపించి అడిగేవాడు.

మొన్న గొడుగు బాగుచేయించుకోడానికి వచ్చిన పైడయ్య ఎర్ర ఏనుగుని చూసి నవ్వాడు. అతనిది సముద్రంలో వేట.

“మావోళ్ల పనే బావా. వలలన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా. ఎవులిది ఏదో తెలియాలని ఇంటికో గుర్తు కడతాం. మా అయ్య కూడా ఏనుగే కట్టీవోడు. తుపానుకి వలతో పాటే పోనాది.”

“మరిప్పుడేటి కడతన్నావ్?”

“ఇంకా ఏటీ కట్టనేదు. కొత్త వల.”

“అయితే ఇది పట్టుకెల్లు.”

పైడయ్య తల అడ్డంగా ఊపాడు. “ఎర్రది ఎవులింటి గుర్తో. ఒకలది ఇంకొకలు కట్టరు బావా. మాది పచ్చేనుగు.”

జమీర్ బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత టీ కాచుకునే స్టవ్ వెలిగించి, గొడుగు ఊచ ఒకటి ఎర్రగా కాల్చాడు. పచ్చ ఏనుగుని పైడయ్య ముందు పెట్టాడు.

“బెజ్జం ఎక్కడెట్టమంటావో సూపించు.”