ఊడవడమే కదా!

కెనడాలోని కిచెనర్ ఊళ్ళో మా ఆఫీసు టీమ్ లీడ్ గారికి మోచెయ్యి మడిచి కండ చూపించడం అలవాటు. జిమ్‌లో ఎత్తిన బరువుల గురించి చెప్పకుండా ఏ మీటింగూ ముగించేవారు కాదు. ఆఫీసువాళ్ళు కర్లింగ్ ఆటకు పిలిస్తే పకపకా నవ్వారు.

"ఐస్ మీద రాయి తోస్తారు, దాని ముందు ఊడుస్తారు. ఊడవడమే కదా! దీనికి ఫిట్‌నెస్ ఎందుకండీ?"

తీరా వెళ్ళాక బ్రష్ ఆయన చేతికే ఇచ్చారు. జారే రాయికి ముందు పరుగెడుతూ, ఒంటి బరువంతా బ్రష్ మీద మోపి, ఆపకుండా మంచును రుద్దాలి. సగం దూరంలోనే ఆయన రొప్పుతూ చతికిలబడ్డారు. రాయి మాత్రం ఆయన కోసం ఆగలేదు.

ఓడిపోయాం. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకు తాగడానికి ఏదైనా ఇప్పించడం ఈ ఆటలో మర్యాద. అవతలి జట్టులో ఆటంతా ఊడ్చిన ముగ్గుబుట్ట తల ఆంటీ, చెమటైనా తుడుచుకోకుండా, ఆయనకు వేడి కాఫీ తెచ్చి పెట్టింది.

ఆయన కప్పు అందుకున్నారు. చెయ్యి పట్టేసింది, ఎంత తంటాలు పడ్డా మోచెయ్యి మడతపడలేదు. కప్పు నోటిదాకా రాలేదు.

"ఐస్ బాలేదండీ ఇవాళ," అన్నారు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "ఒక స్ట్రా దొరుకుతుందేమో చూడండి."