బకాసురుడి కథలో ముందు సగం

నా చిన్నప్పుడు మా ఇంట్లో బకాసురుడి కథ ఎప్పుడూ సగం నుంచే మొదలయ్యేది. చెప్పేది మా తాత. భీముడు బండెక్కి కూర్చోవడంతోనే ఎత్తుకునేవాడు. బండి నిండా అన్నం, పప్పు, గంగాళాల్లో పెరుగు. రాక్షసుడికి తీసుకుపోవాల్సిన ఆ తిండంతా దారిలో భీముడే తినేస్తాడు. అక్కడికి వచ్చేసరికి తాత చేతిలోని జొన్నరొట్టెను మడిచి ఒకేసారి నోట్లో కుక్కుకునేవాడు. నేను పడీ పడీ నవ్వేదాన్ని. అసలు భీముడు ఆ బండి ఎందుకు ఎక్కాడని ఏనాడూ అడగలేదు. తిండి ఉన్న బండి కదా, ఎక్కి ఉంటాడు.

మాది ఎల్లారెడ్డి పక్కన చిన్న ఊరు. ఇంట్లో నలుగురు ఆడపిల్లలం, నేను మూడోదాన్ని. నా మాట వినే తీరిక తాతకొక్కడికే ఉండేది గనుక ఆయన వెనకే తోకలా తిరిగేదాన్ని. బకాసురుడు ఉన్న ఊరు ఉత్త కథలోది కాదనీ, దాన్ని ఇప్పుడు బోధన్ అంటారనీ, అక్కడ రాకాసిపేట అని ఇప్పటికీ ఒక పేట ఉందనీ ఆయనే చెప్పాడు. కథలోని ఊరికి ఎడ్లబండి మీద పోవచ్చంటే ఏ పిల్ల ఊరుకుంటుంది? నాకూ చూపించమని ఆయన ప్రాణం తోడేశాను.

ఒక చలికాలం, జొన్న ఇంకా కోతకు రాకముందు, తాత ఒప్పుకున్నాడు. "తీస్కపోత బిడ్డా. భీముడు కూసున్న గుట్ట చూపిస్త," అన్నాడు. ఆ మాట వాడకట్టంతా చాటింపు వేశాను. నాతో ఆడుకునే పిల్లకైతే బకాసురుడి బొక్క, అదే ఎముక, ఒకటి దొరికితే తెచ్చిస్తానని మాట కూడా ఇచ్చాను.

బయలుదేరిన పొద్దున నాకు జరిగిన మర్యాద తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మ నాకు తలంటి, జడలు వేసి, పండగలకు తప్ప బయటికి తీయని వెండి కడియాలు కాళ్లకు పెట్టింది. రొట్టెలో బెల్లం కలిపి మలీద ముద్దలు చేసింది. నా బట్టలన్నీ మూట కట్టింది. గుట్ట చూసి రావడానికి ఇన్నెందుకంటే, "దారిల మాసిపోతయ్ గదనే," అంది. ఎప్పుడూ నా జుట్టు పట్టుకునే అక్కలు ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. అది చూసైనా నాకు అనుమానం రావాల్సింది.

పొద్దు వాలుతుండగా తాడ్వాయి దాపుల్లో, బండరాళ్లు పేర్చినట్టున్న ఒక గుట్ట దగ్గర తాత బండి ఆపాడు. "గిదే బిడ్డా," అన్నాడు. గుండ్రంగా ఉన్న బండల్ని చూపించి అవి భీముడు ఖాళీ చేసి బోర్లించిన గంగాళాలన్నాడు. రాతి మీద పొడుగాటి చారను చూపించి, బకాసురుణ్ణి చంపి ఈడ్చుకుపోయిన జాడ అన్నాడు. నేను ఆ చార వెంబడి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాను. అక్కడే కూర్చుని మలీద ముద్దలు తిన్నాను. తాత తినలేదు, అన్నీ నాకే పెట్టాడు. గుర్తుగా ఒక నల్లరాయి ఏరి ఒళ్లో వేసుకున్నాను. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడు కలిగిందో గుర్తులేదు. ఆ సాయంత్రాన్ని ఈనాటికీ క్షమించలేకపోవడం అందుకే.

రాత్రికి కామారెడ్డిలో మా మేనత్త ఇంట్లో పడుకుని తెల్లారి తిరిగి పోదామన్నాడు తాత. అత్త అంటే ఆయన ఒక్కగానొక్క కూతురు. మామకు రైలు స్టేషన్ దగ్గర బెల్లం దుకాణం ఉండేది. వాళ్లకు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. కొడుక్కి మళ్లీ పెళ్లి చేస్తానని అత్త వాళ్ల అత్తగారు పోరుపెడుతోందని మా ఇంట్లో పెద్దవాళ్లు గుసగుసలాడుకుంటుంటే విన్నాను. దానికీ నాకూ ఏం సంబంధం అనుకున్నాను.

పొద్దున లేచేసరికి తాత లేడు, బండీ లేదు. ఎడ్లను నీళ్లకు తోలుకుపోయి ఉంటాడనుకుని, నా రాయి పట్టుకుని పక్కింటి అక్కకు చూపించబోయాను. ఎక్కడిదో చెప్పగానే ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. "బకాసురుడు బోధన్ల ఉండె పిల్లా! రైలెక్కి ఇందూరు దాటి పోవాలె. అక్కడ గిప్పుడు షక్కర్ కార్ఖానా గూడ పెట్టిండ్రు. తాడ్వాయిల ఎవడున్నడు?" అంది.

ఒక్క పరుగున వచ్చి అత్తను అడిగాను, తాత నాకు వేరే గుట్ట ఎందుకు చూపించాడని, ఎప్పుడొస్తాడని. పిండి పిసుకుతున్న అత్త చేతులు ఆగిపోయాయి.

"బాపు తెల్లారకముందే, మబ్బులనే పోయిండు గదా బిడ్డా. నువ్వు ఇగ నా తాన్నే ఉంటవ్. నువ్వే వస్తనన్నవని చెప్పిండే? నీకు చెప్పలేదా?"

నాకంటే ఆమే ఎక్కువ బెదిరిపోయింది. నేను వాకిట్లోకి పరుగెత్తి, రోడ్డు మీద కనిపించిన ప్రతి బండి వెనకా అరిచాను. ఆ బండ్లలో ఎల్లారెడ్డి పోయేది ఏదో కూడా నాకు తెలియదు. అమ్మకు తెలుసు, అక్కలకు తెలుసు, తాతకు తెలుసు. తెలియనిది నాకొక్కదానికే.

అన్నం ముట్టనని మొండికేశాను. నాలుగు ముద్దలైనా తినిపించాలని అత్త తనకు వచ్చిన కథ ఎత్తుకుంది. పాపం, ఆమెకేం తెలుసు, అది బకాసురుడి కథే. కానీ ఆమె మొదటి నుంచి చెప్పింది. ఊళ్లో ఇంటికొకరు వంతున రాక్షసుడికి ఆహారంగా పోవాలి. ఆ రోజు ఒక బాపనయ్య ఇంటి వంతు. నేను పోతానని తండ్రి, కాదు నేను పోతానని తల్లి. కూతురేమో, "ఎట్లైన ఒకనాడు ఒక ఇంటికి ఇయ్యాల్సిన పిల్లనే గద నాయినా, నన్నే పంపు," అంటుంది. మాటలు కూడా సరిగా రాని పిల్లాడు గడ్డిపరక పట్టుకుని దీంతో చంపుతానని లేస్తాడు. ఆ ఏడుపులు విని కుంతి తన భీముణ్ణి పిలిచి, విషయమంతా చెప్పి పంపుతుంది.

ఆ సగం నేనెన్నడూ వినలేదన్నాను. "బాపే గదా నాకు చెప్పిండు," అంది అత్త. నేను పొత్తిళ్లలో ఉన్నప్పుడే 'ఈ పిల్ల నీకే' అన్నాడని కూడా చెప్పింది. అంటే తాత నాకు కథలు చెప్పిన ప్రతి రోజూ ఆ మాట కడుపులో పెట్టుకునే చెప్పాడు. రొట్టె నోట్లో కుక్కుకుని నన్ను నవ్వించిన రోజుల్లోనూ అంతే. అది తెలిశాక నాకు ఆ నవ్వులు కూడా మిగలలేదు.

ఎండాకాలంలో తాత జొన్నపేలాలు మూట కట్టుకుని వచ్చాడు. నేను దగ్గరికి పోలేదు. ఆయనే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నువ్వు ఏడుద్దువు. నువ్వు ఏడిస్తే నేను బండి తోలకపోదును బిడ్డా. మీ అత్త బతుకు ఆగమైతుండె."

"భీమునికి చెప్పిండ్రు గదా తాతా?"

 నేను లోపలికి పోయి నల్లరాయి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. దాన్ని ధోవతి కొంగున ముడి వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన నాకు కథ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మామ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అత్త నన్ను కంటికి రెప్పలా చూసుకుంది. ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. తాత మీద మాత్రం ఉంది, ఆయన పోయి ఇన్నేళ్లయినా ఉంది. ఆయనంటే అంత ఇష్టం లేకపోయి ఉంటే ఆ కోపం ఎప్పుడో చల్లారిపోయేది.

మొన్నామధ్య మనవలతో కలిసి బోధన్ వెళ్లాను. రాకాసిపేటలో ఇళ్లు, దుకాణాలు, బడికి పోయే పిల్లలు. అక్కడ నిలబడి వాళ్లకు కథ మొదటి నుంచి చెప్పాను, గడ్డిపరక పట్టుకున్న పిల్లాడితో సహా. గుర్తుగా రాయి మాత్రం ఏరుకోలేదు.

మా ఇంట్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోయినా ఎక్కడికో, ఎందుకో, మళ్లీ ఎప్పుడు వస్తామో ముందే చెప్తాను. దవాఖానా అయితే దవాఖానా అనీ, సూది అయితే సూది అనీ చెప్తాను. "ముందే చెప్తే ఏడుస్తరు అత్తమ్మా," అంటుంది మా కోడలు. ఏడవనీ. బండెక్కకముందు ఏడిస్తే పట్టుకోవడానికి అమ్మ కొంగైనా దగ్గర ఉంటుంది.