మాఫ్ కాని పేపర్

బీమా కంపెనీలకు నష్టభయం లెక్కలు కట్టే యాక్చువరీ కోర్సులో స్టూడెంట్ మెంబర్‌గా చేరిన ఏడాదే మొదటి పేపర్ తప్పాను. మగ్గం నేసే నాన్నకు ఆ మాట చెప్పే ధైర్యం లేక, "డిగ్రీ మార్కులు చూసి ఆ పేపర్ మాఫ్ చేసిండ్రు నాయినా" అన్నాను.

ఆయన సంబరంగా మడికొండలో మా పక్కింటి స్వప్నకు చెప్పాడు. మా కాలేజీలోనే చదివి అదే కోర్సులో చేరిన ఆ పిల్ల, తనకూ మాఫ్ అవుతుందనుకుని పరీక్షకు దరఖాస్తు చేయలేదు. గడువు దాటాక మా ఇంటికి వచ్చింది.

"నీకు మాఫ్ చేసిండ్రు కదక్కా, నాకెందుకు లేదంటాండ్రు?"

నాన్న మగ్గం ఆపి నావైపు చూశాడు.

"నీకు మార్కులు తక్కువొచ్చినయేమో" అన్నాను. నిజానికి ఆమెకు నాకంటే ఎక్కువే వచ్చాయి. తల దించుకుని వెళ్లిపోయింది.

మూడేళ్లయినా ఇద్దరికీ నిజం చెప్పలేకపోయాను. ఈ పత్రిక రాగానే నాన్న ముందుగా చదివేది పాఠకులు రాసే ఈ పేజీనే. అందుకే ఇక్కడ రాస్తున్నాను.