తుంటిని కొలిచి తవ్విన గుంట

పందొమ్మిది వందల నలభై ఒకటి. నైజాం సర్కారు రోజులు. నారాయణపేటల సాలోళ్ల వాడల తెల్లారితే చాలు, ఇంటింటికి మగ్గం చప్పుడే. ఆ వాడల కాన్పులు చేసుడు, బాలింతలకు నూనె రాసి నీళ్లు పోసుడు మా అవ్వ నుంచి నాకొచ్చిన పని. కూడబలుక్కొని రాసేంత చదువే నాది. కానీ ఒకసారి చేతికి తగిలిన మనిషి బొక్కను, ఆ ఎముక తీరును మాత్రం మరిచిపోను.

ఆ వాడల నేతింటి అంజమ్మ పెద్ద కోడలు రామక్కకు మొదటి కాన్పు నేనే చేసిన. పిల్ల పుట్టిన మూడు నెలలకు రామక్క మళ్ల మగ్గమెక్కింది. వాళ్లది గుంట మగ్గం. గట్టు మీద కూసోని, గుంటలకు కాళ్లు దింపి, కింద చెక్కలు తొక్కుతు నెయ్యాలె. జర సేపు నేసిందో లేదో, తుంటి పట్టుకొని లేచేది. ఆమె నేసిన అంచు చూసేటందుకు పక్కవాడ నుంచి గుడ వచ్చేటోళ్లు. గసొంటిది, చీర సగంలనే ఆగింది.

కాన్పుల బొక్క వదులైందనుకున్న. అందరు బాలింతలకు చేసినట్టే తుంటి చుట్టు పాతచీరతోటి బిగ్గ కట్టిన. వారం దినాలకు నొప్పి ఇంకింత పెరిగింది. అంజమ్మ తేల్చి చెప్పింది: ఈ చీర నేసుడై మగ్గం మీదికెల్లి కోసినంక, మగ్గం చిన్న కోడలిదేనని.

రామక్క నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, వండుడు తోముడు ఎవ్వరన్న చేస్తరు. మగ్గం పోతే ఇగ నాదని ఏముంది ఈ ఇంట్ల?"

ఆ మాటకు నా కట్టు నేనే విప్పేసిన. ఆమెను చాప మీద ఎల్లకిల పండవెట్టి, మోకాలు పట్టుకొని మెల్లగ కడుపు దిక్కు వంచిన. అందరిది ఎదురొమ్ము దాక వస్తది. ఆమెది సగంలనే ఆగింది, గజ్జల్ల పట్టేసింది. అదే మోకాలును పక్కకు తెరిచి వంచితే అల్కగ వచ్చింది. రెండో కాలు చూసిన. అది గుడ గట్లనే. కాన్పుల జారిన బొక్కయితే రెండు దిక్కుల ఒక్కతీరుగ ఎట్లుంటది?

"మీ నాయిన మగ్గం మీద నొచ్చేదా?" అని అడిగిన.

"ఎన్నడు లేదక్కా. అది జర ఎత్తు గట్టు."

మనమరాలిని చూడ వచ్చిన రామక్క తల్లిని గుడ అదే చాప మీద పండవెట్టిన. ఆమె మోకాలు సుత అక్కడిదాకనే వచ్చి ఆగింది. గిది రోగం కాదు, పుట్టుకతోటి వచ్చిన బొక్క తీరు. తొడ బొక్క కూసునే గిన్నె కొందరికి లోతుగుంటది. పల్లం గట్టు మీద కూసుంటే మోకాళ్లు పైకి లేచి, బొక్క బొక్కకు ఒరుస్తది. నేను గట్టిన కట్టు ఆ తొడలను ఇంకింత దగ్గరికి నూకింది.

గట్టు నాలుగు వేళ్లంత ఎత్తాలె, బట్ట చుట్టుకునే కర్రను అంతే లేపాలె, తొక్కుడు చెక్కలు ఎడంగ కట్టాలె అని చెప్పిన. అంజమ్మ గయ్యిమన్నది. ఆమె మామ తన చేతితోటి తవ్విన గుంటను ఆ ఇంట్ల ఎవ్వరు ముట్టరు.

"బొక్కలు అందరికి ఉన్నయి. గీమెవే బంగారు బొక్కలా?"

"అమ్మా, మీ మామ తన తుంటిని కొలుసుకొని తవ్విండు. గీ పిల్లది ఎవ్వరు కొలువలేదు."

రామక్క పెనిమిటి లేచి, మట్టి తొక్కుకొచ్చి గట్టు ఎత్తిండు, కర్ర లేపి చెక్కలు ఎడంగ కట్టిండు. మూడోనాడు రామక్క పొద్దుగూకే దాక నేసింది. చీర కోసినప్పుడు అంజమ్మ అంచును వేలితోటి రాసి చూసి, చిన్న కోడలికి వేరే మగ్గం చూడాలె అన్నది.

రెండో కాన్పు ముందర పాలమూరు దవాఖానకు తోలుకపోయిన. ఆడ డాక్టరమ్మ చేతులతోటి చూసి, కటి బొక్కల గూటిని పెల్విస్ అంటరని, అది మనిషి మనిషికి ఒక్కో తీరుంటదని చెప్పింది. నేను గట్టు ఎత్తించిన ముచ్చట విని, ఎక్కడ నేర్సుకున్నవని అడిగింది. తప్పు కట్టు కట్టి నేర్సుకున్నని చెప్పిన.

అటెనుక ఏ ఆడిమనిషి తుంటి నొస్తదన్నా, ఎట్ల కూసుంటవో చూపియ్యమని అడగకుంట చెయ్యి వెయ్యలే. రామక్క బిడ్డ పెండ్లప్పుడు వియ్యంకులు కొత్త కోడలి మగ్గానికి గుంట తవ్వుదామనుకుండ్రు. అంజమ్మే మా ఇంటికి వచ్చింది.

"పోదాం రా. పిల్ల తుంటి కొలిచినంకనే గడ్డపార దించుమన్న."